ఇల్లు లేని చిరునామాలు

ఉద్యోగంలో చేరబోయే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మేడమ్, ఏ లాంగ్వేజ్ నేర్చుకోమంటారు?" వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ప్రోగ్రాములు రాశాను. నేను రాసిన లాంగ్వేజీల్లో సగం నాకంటే ముందే రిటైరయ్యాయి. అందుకని లాంగ్వేజీల సంగతి పక్కనపెట్టి, నాకు ఈ పని నేర్పిన ఒక తప్పు గురించి చెబుతాను. ఆ తప్పు చేసిందీ నేనే, దిద్దిందీ నేనే. దిద్దిన రోజున నేను గెలిచాను. ఆ మాట చెప్పుకోడానికి నాకేమీ మొహమాటం లేదు.

మాది నరసాపురం. మా అమ్మ కువైట్‌లో నర్సుగా చేసి నన్ను చదివించింది. ఆవిడ ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళిన ఏడాదే నేను కువైట్‌లో దిగాను. అహ్మదిలోని ఆయిల్ పనులకు క్రేన్లనూ మనుషులనూ సరఫరా చేసే ఒక కంపెనీలో చేరాను. హెడ్డాఫీసు కువైట్ సిటీలో. అహ్మదిలో ఒక క్యాంపు, సులైబియాలో గోదాములూ వెల్డింగ్ షెడ్డూ ఉన్న పెద్ద యార్డు. మూడు చోట్లా మూడు పెద్ద కంప్యూటర్లు, వాటిని కలుపుతూ టెలిఫోన్ లైన్లు. ఆ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు చేయడం నా పని.

మా కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాళ్ళం ముగ్గురమో నలుగురమో. అందరూ వాడుకునే పనిముట్ల పెట్టె లాంటిది ఒకటి నేను రాశాను. మా వాళ్ళు దాన్ని లైబ్రరీ అంటారు. ఫలానా కంప్యూటరుకు ఉత్తరం పంపాలన్నా, ఫలానా దాన్నుంచి జాబితా తెప్పించాలన్నా నా లైబ్రరీని పిలవాల్సిందే. ఇరవై ఆరేళ్ళ వయసులో కంపెనీ మొత్తం నా ప్రోగ్రాము మీద ఆధారపడుతుంటే నా కాళ్ళు నేల మీద ఆనేవి కాదు.

నాలుగు అంకెల గోల

నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటరుకూ నాలుగు అంకెల చిరునామా ఉంటుంది, మధ్యలో చుక్కలతో. అంకె అన్నానే గానీ, ఒక్కోటి సున్నా నుంచి 255 దాకా ఏ సంఖ్యయినా కావచ్చు. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కంతా కొన్ని ప్రత్యేకమైన చిరునామాలతో వస్తుంది. చూడ్డానికి అవీ అంకెలే, కానీ ఆ అంకెల దగ్గర ఏ ఇల్లూ ఉండదు. 255.255.255.255 అని రాస్తే ఆ ఆఫీసులో ఉన్న అందరికీ అని అర్థం. 127.0.0.1 అంటే "నాకు నేనే" అని. ఉత్తరం బయటికి పోకుండా అదే కంప్యూటరులో తిరిగి వస్తుంది. 0.0.0.0 అంటే "ఎటునుంచి వచ్చినా సరే" అని. ఎవరు పలకరిస్తే వాళ్ళకు జవాబు చెప్పడానికి కూర్చున్న ప్రోగ్రాము దాన్ని వాడుతుంది.

ఈ మూడింటినీ లైబ్రరీలో ఎలా చూపించాలి? అంకెలే కదా, అంకెల్లాగే దాచేద్దాం అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

ఎవరైనా తప్పు చిరునామా కొడితే "ఇది చెల్లదు" అని చెప్పాలి కదా. అప్పట్లో పెద్ద పెద్ద వాళ్ళు రాసిన లైబ్రరీల్లో కూడా చెల్లదనడానికి మైనస్ ఒకటి తిరిగి ఇచ్చేవారు. నేనూ అదే ఇచ్చాను. కంప్యూటరు లోపల మైనస్ ఒకటీ, "అందరికీ" అనే చిరునామా, రెండూ అచ్చం ఒకే సంఖ్య. ఆ సంగతి నాకు తెలియక కాదు. తప్పు చిరునామా ఎవరు కొడతారులే అని వదిలేశాను.

కొట్టారు. జనరల్ మేనేజరు గారి గుమాస్తా ఒక రహస్యపు ఉత్తరాన్ని ఆయన పక్కగదిలోని కంప్యూటరుకు పంపబోయి, 192 బదులు 912 కొట్టాడు. నా లైబ్రరీ "చెల్లదు" అంది. ఉత్తరాలు పంపే ప్రోగ్రాము దాన్ని "అందరికీ" అని చదువుకుంది. హెడ్డాఫీసులో గదికొకటి ఉన్న చిన్న కంప్యూటర్ల పక్కన ప్రింటర్లన్నీ ఒక్కసారిగా గరగరా మొదలుపెట్టాయి. ఆ ఏడాది ఎవరెవర్ని ఇంటికి పంపెయ్యాలో రాసిన జాబితా అది. అందులో రెండో పేరు మా బాస్ కురియన్ సార్‌ది.

కురియన్ సార్ కొట్టాయం మనిషి. ప్రోగ్రాములు పెద్దగా రాసేవాడు కాదు, కానీ ఇంకొకళ్ళు రాసినవాటిలో తప్పులు పట్టి పగలగొట్టడంలో అంత మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన తన ప్రింటరు దగ్గరికి వెళ్ళి కాగితం చింపి, మొత్తం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు ప్రాణాలు పోయినంత పనయింది. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సుగుణా, ఇది ఎలా జరిగిందో చూద్దాం పద" అన్నాడు.

"సార్, మీ పేరు..."

"నా పేరు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ ప్రోగ్రాము సంగతి చూడు."

రహస్యం అందరికీ తెలిసిపోయాక మేనేజరు సిగ్గుపడి జాబితానే రద్దు చేశాడు. నా తప్పు వల్ల కురియన్ సార్ ఉద్యోగం నిలబడిందని ఆఫీసులో జోకులు వేసుకునేవారు. ఆయన మాత్రం నవ్వలేదు.

ఒకే సంచిలో మూడు

భయపడిన మనిషి చేసే తప్పు ధీమాగా ఉన్న మనిషి చేసే తప్పు కంటే పెద్దది. ఇది నా స్వానుభవం. ఆ గొడవ జరిగిన వారంలోనే నేను లైబ్రరీలో ఒక కాపలా పెట్టాను. "అందరికీ", "నాకు నేనే", "ఎటునుంచి వచ్చినా", ఇవేవీ ఇకపై చెల్లవు. ఎవరు అడిగినా ఒకటే జవాబు, చెల్లని చిరునామా. పీడా పోయిందనుకున్నాను.

కురియన్ సార్ అది చూసి తల అడ్డంగా ఊపాడు.

"తప్పు వేరు. అందరూ వేరు. నేను వేరు. మూడింటినీ తీసుకెళ్ళి ఒకే సంచిలో వేశావు" అన్నాడు.

"తన ఉత్తరం తనకే రాసుకునేవాళ్ళు ఎవరుంటారు సార్?"

"ఎవరో ఒకరు ఉంటారు. చిరునామా అంటే ముందు అది ఏ రకమో చెప్పు, అంకె తర్వాత చెప్పు. చెల్లనిది అసలు చిరునామాయే కాదు, దాన్ని వేరుగా చెప్పు. నేను సెలవు నుంచి వచ్చేలోపు మార్చి ఉంచు."

మార్చలేదు. కాపలా బాగానే పనిచేస్తోందిగా, ఆయనది చాదస్తం అనుకున్నాను. జూలైలో ఆయన కొట్టాయం వెళ్ళాడు. వెళ్ళేముందు మేం రాసిన ప్రోగ్రాములన్నీ సులైబియా కంప్యూటరులోకి ఒక కాపీ ఎక్కించాడు. దుమ్ములో ఉండే ఆ పాత డబ్బాలోకి ఎందుకు సార్ అంటే, "దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు కాబట్టి" అన్నాడు. పాస్‌పోర్టు నంబర్లతో సహా ఉద్యోగుల వివరాలన్నీ ఉన్న ఫైలు కూడా ప్రతి బుధవారం సాయంత్రం అందులోకి కాపీ అయ్యేలా అంతకు ముందే ఏర్పాటు చేసి ఉన్నాడు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది గురువారం తెల్లవారుజామున.

ఓబులేసు గారు వచ్చిన రోజు

మొదటి రెండు వారాల గురించి నేనేమీ రాయను. రొట్టె కోసం నిలబడ్డ వరుసలూ తుపాకులూ అందరూ చెప్పినవే. ఒక శుక్రవారం ఉదయం మా బిల్డింగ్ కిందికి ఒక పికప్ బండి వచ్చింది. సులైబియా యార్డు ఫోర్‌మన్ ఓబులేసు గారు దిగారు. రాయచోటి దగ్గరి మనిషి, యాభై దాటినవాడు. మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"మేడమ్, హెడ్డాపీసు కాలిపోయినాది. మా పాస్‌పోర్టులన్నీ ఆ బీరువాలోనే ఉండె."

"కూర్చోండి ఓబులేసు గారూ. ముందు మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళు కాదు మేడమ్, టైము ల్యా. మనోళ్ళను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కి పంపిస్తాండారు. ఆడ్నించి ఇమానం. ఎంబసీవోళ్ళు మన ఇండియన్ ఇస్కూల్లో పేర్లు రాసుకుంటాండారు. పాస్‌పోర్టు ల్యాకున్నా వేరే కాగితం ఇస్తారంట. కానీ నంబరు కావాల, యా ఊర్లో ఇచ్చినారో కావాల, తేదీ కావాల, నాయన పేరు కావాల. రేపు పొద్దుగూకేలోపు ఇయ్యకుంటే మల్ల బస్సు ఎప్పుడో ఎవురికీ తెల్దు. యార్డులో నలభై మూడు మంది ఉండాం. బియ్యం మూడు దినాలకుండాది."

"ఎవరికీ నంబరు గుర్తులేదాండీ?"

"యాడ గుర్తుంటాది మేడమ్? ఎయిర్‌పోర్టులోనే కంపెనీవోళ్ళు తీసుకున్న్యారు. సెలవుకి పోయేటప్పుడు చేతికిస్తారు, తిరిగొస్తానే లాక్కుంటారు. దాని మొగం సరిగ్గా సూసినోడు ల్యాడు."

ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి ముద్ర కూడా పాస్‌పోర్టులోనే కొడతారు. పాస్‌పోర్టు లేదంటే ఆ దేశంలో వాళ్ళెవరో చెప్పే కాగితం ముక్క కూడా లేనట్టే. నేను బుధవారం కాపీ గురించి ఆలోచించాను. సైన్యం వచ్చింది గురువారం. అంటే ముందురోజు సాయంత్రం ఫైలు సులైబియాకు చేరి ఉండాలి.

"ఓబులేసు గారూ, యార్డు ఆఫీసులో పెద్ద కంప్యూటరు ఒకటి ఉండేది కదా. అదింకా ఉందాండీ?"

"టీవీ ఎత్తకపోయినారు, ఫ్యాన్లు ఎత్తకపోయినారు, టెలిపోన్ లైనుకుండే చిన్న డబ్బాలు పీక్కపోయినారు. ఆ పెద్ద డబ్బాను ఫ్రిడ్జి అనుకొని తెరిసి సూసినారు మేడమ్. తినేది ఏమీ ల్యాకపోయేసరికి వొదిలేసి పోయినారు."

ఆ రోజుల్లో నేను గట్టిగా నవ్వింది అదే మొదటిసారి. చెప్పులు వేసుకుని బయల్దేరాను. దారిలో రెండు చోట్ల సైనికులు ఆపారు. రెండు చోట్లా ఓబులేసు గారు కిటికీలోంచి "హిందీ, హిందీ" అని అరిచారు, అరబ్బీలో ఇండియావాళ్ళం అని. వాళ్ళు యల్లా, పొండి అని చేత్తో ఊపారు.

నా గోడ నాకే అడ్డం

యార్డులో కరెంటు లేదు. వెల్డింగ్‌కి వాడే డీజిల్ జనరేటరు ఉంది. తీగలు కలిపారు, కంప్యూటరు లేచింది. బుధవారం నాటి ఫైలు అక్కడే ఉంది. దాన్ని చూడగానే ఏడుపొచ్చింది.

అయితే ఆ ఫైలును నేరుగా తెరిస్తే ఏమీ అర్థం కాదు, లోపలంతా మూటగా కట్టేసి ఉంటుంది. దాన్ని విప్పి చెప్పేది ఒక ప్రోగ్రాము, అడిగి ముద్రించేది ఇంకో ప్రోగ్రాము. రెండూ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. కానీ అడిగే ప్రోగ్రాము ఎప్పుడూ హెడ్డాఫీసునే అడుగుతుంది. హెడ్డాఫీసు బూడిదైపోయింది. లైను డబ్బా పీకేశారు కాబట్టి ఈ కంప్యూటరు తన మామూలు చిరునామాకు కూడా పలకడం లేదు. ఇక మిగిలింది ఒక్కటే, "నాకు నేనే". అది కొట్టాను. తెర మీద జవాబు వచ్చింది, చెల్లని చిరునామా.

ఆ మాట రాసింది నేనే. నలభై మూడు మంది నా వెనకాల నిలబడి ఉన్నారు. తన ఉత్తరం తనకే రాసుకునేవాళ్ళు ఎవరుంటారని అడిగిన నోటిని కొట్టుకోవాలనిపించింది.

"ఏమంటాంది మేడమ్ అది?" అని యార్డు వంటమనిషి గంగులప్ప అడిగాడు. వేలిముద్ర వేసే మనిషి. నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా సెలవుకి వెళ్ళలేదు.

"నేను చేసిన తప్పు నాకు చూపిస్తోంది గంగులప్ప గారూ."

కురియన్ సార్ కాపీ చేసిన ప్రోగ్రాముల్లో నా లైబ్రరీ కూడా ఉంది. అడ్డదారి తొక్కాను. కాపలా వాక్యాన్ని పీకేశాను. అడిగే ప్రోగ్రాము ముందుకు వెళ్ళింది, చెప్పే ప్రోగ్రాము ఉలకలేదు పలకలేదు. అది "ఎటునుంచి వచ్చినా" అనే సున్నాలతో కూర్చోవాలి. నా లైబ్రరీలో అన్నీ సున్నాలంటే "ఇంకా ఎవరూ నింపలేదు" అని కూడా అర్థం. కాబట్టి ఎవరో వచ్చి చిరునామా నింపుతారని అది ఎదురుచూస్తోంది. సరే, సున్నాలకు ఆ అర్థం తీసేశాను. అప్పుడు నిజంగా నింపనివాటిని కూడా చిరునామాలనుకుని రెండు ప్రోగ్రాములూ కుప్పకూలాయి. ఒకచోట అతుకు వేస్తే ఇంకోచోట చిరుగుతోంది.

"మేడమ్, డీజిల్ ఇంగ రెండు గంటలకే వస్తాది" అన్నారు ఓబులేసు గారు.

"ఇంజను ఆపెయ్యండి."

"ఆపితే ఎట్ల మేడమ్?"

"నేను ఆలోచించేది బుర్రతో కదండీ, దానికి డీజిల్ అక్కర్లేదు. రాసుకోడానికి ఏదైనా కాగితం ఇప్పించండి చాలు."

ప్రింటరులో ఉన్న కాస్త తప్ప ఆఫీసు కాగితాలన్నీ పొయ్యిలోకి పోయాయట. ఖాళీ సిమెంటు సంచులు చింపి దులిపి ఇచ్చారు. ఆగస్టు ఎండలో, రేకుల షెడ్డు కింద, సిమెంటు సంచుల మీద నా లైబ్రరీని మొదటినుంచీ రాశాను. కురియన్ సార్ చెప్పినట్టే రాశాను. చిరునామా అంటే ముందు దాని రకం. మామూలుది, నేను, అందరూ, ఎటునుంచైనా. అంకె ఆ తర్వాతే. నింపనిదానికి వేరే గుర్తు. చెల్లనిది చిరునామాల్లోనే లేదు, ఆ వార్త వేరే దారిలో వస్తుంది. రాస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది. పాతదానికంటే చిన్నగా, తేటగా వచ్చింది. ఇన్నాళ్ళూ వాయిదా వేసిన పని రెండున్నర గంటల్లో అయిపోయింది. ప్రతి వాక్యాన్నీ వేలుపెట్టి మూడుసార్లు సరిచూశాను, ఎందుకంటే ఇంజను మొదలయ్యాక ఆలోచించే వ్యవధి లేదు.

ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆ తర్వాత హైదరాబాదులో చాలా ఏళ్ళు పనిచేశాను. వేగంగా టైపు చేసే పిల్లలను ఎంతోమందిని చూశాను. తెర ముందు కూర్చుంటే చేతులు పనిచేస్తాయి, బుర్ర విశ్రాంతి తీసుకుంటుంది. మీకు పని తెమలకపోతే కంప్యూటరు ఆపేసి కాగితం తీయండి. ఇంకొకటి, బాస్ చెప్పింది చాదస్తంలా వినిపిస్తే, మీరు ఒప్పుకోకపోయినా కనీసం ఒక పూట కూర్చుని రాసి చూడండి. ఇప్పటి కొత్త లైబ్రరీల్లో చిరునామాలను రకాలుగా విడదీసి చూపిస్తున్నారు. చూసినప్పుడల్లా నాకు కురియన్ సారే గుర్తొస్తాడు. ఇంటికి చేరాక ఆయనకు పెద్ద ఉత్తరం రాశాను, క్షమాపణతో సహా. "ఆలస్యమైనా మార్చావు, సంతోషం" అని ఒక కార్డు ముక్క వచ్చింది.

గరగరా

ఇంజను మళ్ళీ వేశారు. సంచుల మీద ఉన్నది టైపు చేశాను. ఓబులేసు గారు పక్కన నిలబడి ఒక్కో సంచి ముక్కా పట్టుకున్నారు. ప్రోగ్రాము తయారైంది. చెప్పే ప్రోగ్రాము వచ్చి కూర్చుంది. అడిగే ప్రోగ్రాముకు "నాకు నేనే" అని చెప్పాను. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ప్రింటరు గరగరా మొదలుపెట్టింది.

ఆ శబ్దం ఒకప్పుడు నన్ను చంపేసింది. ఈసారి దాన్ని వింటూ కుర్చీలోంచి లేచి గంతులు వేశాను. నలభై మూడు మంది మగవాళ్ళ ముందు, సిగ్గు లేకుండా! ఓబులేసు గారు కాగితం వైపు వంగి చదవడం మొదలుపెట్టారు. పేరు, తండ్రి పేరు, ఊరు, నంబరు, తేదీ. పేరు వచ్చినవాడల్లా కేక పెట్టాడు. రాజంపేటవాడు ఒకడు తండ్రి పేరు అచ్చులో చూసి కళ్ళు తుడుచుకున్నాడు. నలభై రెండు పేర్లు వచ్చాక ప్రింటరు ఆగింది. గంగులప్ప వంగి ప్రింటరులోకి చూశాడు.

"నాది రాల్యా?"

కాగితం ఇరుక్కుంది, అంతే. సరిచేశాను. గంగులప్ప పేరు వచ్చింది. దాని కింద నా పేరు కూడా వేసుకున్నాను. యార్డు డ్రాయరులో ఉన్న కంపెనీ ముద్ర ప్రతి పేజీ మీదా కొట్టాం. డబ్బాలో అడుగున ఇంకా కొంచెం డీజిల్ మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం లారీలో స్కూలుకు బయల్దేరాం. లారీ వెనక ఓబులేసు గారు జాబితా పట్టుకుని నిలబడి ప్రతివాడి చేతా వాడి నంబరు వల్లెవేయించారు. కాగితం ఉందిగా, ఇదంతా ఎందుకండీ అని అడిగాను.

"కాగితం మల్లా ఎవురో ఒకరు లాక్కుంటారు మేడమ్. ఇది లాక్కోల్యారు" అన్నారు.

స్కూల్లో బల్ల వెనక కూర్చున్న అధికారి మా జాబితా తీసుకుని పేజీలు తిప్పాడు. రోజంతా అరుపులూ ఏడుపులూ విన్న మనిషి. వరుసగా, ముద్రతో, అచ్చులో ఉన్న పేర్లు చూసి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇది చాలు, అందరికీ కాగితాలు ఇస్తాం, వెళ్ళి కూర్చోండి" అని హిందీలో అన్నాడు.

"ల్యా సార్. మావోళ్ళు చెప్తారు, మీరు సూసుకోండి" అన్నారు ఓబులేసు గారు, సగం తెలుగూ సగం హిందీ కలిపి.

ఒక్కొక్కరే బల్ల ముందుకు వచ్చి, చేతులు కట్టుకోకుండా నిటారుగా నిలబడి, పేరూ నంబరూ చెప్పారు. అధికారి వేలు జాబితా మీద కిందికి జరుగుతూ పోయింది. ఒక్కరూ తడబడలేదు. ఆఖర్న గంగులప్ప వచ్చాడు. ఇంగ్లీషు అక్షరమూ ఆరంకెలూ తెలుగు యాసలో, ఒక్కొక్కటే, హాలంతా వినబడేలా చెప్పాడు. అధికారి టిక్కు పెట్టి, ముద్ర కొట్టి, కాగితం చేతికిచ్చి "అయిపోయింది, వెళ్ళు" అన్నాడు.

గంగులప్ప కదల్లేదు. ఎవరూ అడక్కుండానే తన నంబరు ఇంకోసారి చెప్పాడు.